స్టెప్నీ ఎక్కడ బిగించాలి

వెల్డింగ్ షెడ్డు ముందు ఒక జీపు, దాని వెనక తగిలించిన ట్రైలర్ ఇల్లు. ట్రైలర్ వెనక భాగానికి పట్టా కప్పి తాళ్ళతో కట్టేసి ఉంది. మధ్యాహ్నం.

"వెనక కుదరదు సార్. రెండోసారి చెప్తున్నాను."

"ఎందుకు కుదరదు?"

"కుదరదంతే. ఇంకెక్కడైనా చెప్పండి, సాయంత్రానికి బిగించి ఇస్తా."

"ఇంకెక్కడ?"

"అడుగున. ఛాసిస్ కమ్మీల మధ్య గొలుసేసి వేలాడదీస్తా. కంటికి కనపడదు, చోటూ ఆక్రమించదు."

"చక్రం గాలి పోయి ట్రైలర్ కూలబడ్డాక అడుగున నీ తలకాయే పట్టదు, టైరెలా బయటికొస్తుంది? వానలో అయితే బురదలో పడుకుని లాగాలి."

"అది నిజమే. అయితే ముందు పెడదాం, కొక్కెం దగ్గర."

"అక్కడ గ్యాస్ సిలిండర్ ఉంది."

"పక్కకి జరుపుతా."

"జీపు మీద బరువు పడుతుంది."

"పడాలి సార్. ముందు బరువుంటేనే ట్రైలర్ బుద్ధిగా వెంట వస్తుంది. వెనక బరువు పెట్టామా, తోక ఊపుతుంది."

"నాకు ముందు వద్దు."

"పోనీ జీపు లోపల, వెనక సీట్లో పడెయ్యండి. అన్నిటికన్నా క్షేమం. నా పనీ తప్పుతుంది."

"వెనక సీట్లో మా ఆవిడ కూర్చుంటుంది."

"ముందు సీటు ఖాళీయే కదా?"

"ముందు కూర్చోవడం మానేసింది."

"ఎందుకని?"

"నీకెందుకయ్యా అవన్నీ! టైరు వెనక బంపర్ మీద పెట్టు. ముందెక్కడ ఉండేదో అక్కడే."

"కోప్పడకండి. నేను పెట్టను. ఈ రోడ్డులోనే ఇంకా రెండు షాపులున్నాయి. అడగండి, కళ్ళు మూసుకుని పెడతారు."

"నువ్వే పెట్టాలి."

"నేనే ఎందుకు?"

"నీ పని బాగుంటుందన్నారు."

"ఎవరన్నారు?"

"అన్నారులే. అసలు వెనక పెడితే ఏమవుతుంది? అది చెప్పు ముందు."

"బంపర్ అంటే ఏమనుకుంటున్నారు? రేకు. మురుగునీళ్ళ గొట్టం దాచుకోవడానికి చేసిన రేకు డబ్బా. దానికి పాతిక కిలోల టైరు వేలాడదీస్తాం. రోడ్డు నున్నగా ఉన్నంతసేపూ పాతిక కిలోలే. గుంతలో పడ్డ ప్రతిసారీ అది నూరు కిలోలై గుంజుతుంది. అతుకు పక్కన వెంట్రుకంత చీలిక వస్తుంది. రంగు కింద ఎవరికీ కనపడదు. చీలిక నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది. ఒకరోజు..."

"ఒకరోజు?"

"ఊడుతుంది."

"ఏం ఊడుతుంది? టైరొక్కటేనా, బ్రాకెట్‌తో సహానా?"

"అదెందుకు సార్ మీకు?"

"తెలుసుకుందామని."

"అతుకు విరిగితే బ్రాకెట్టూ టైరూ కలిసే పోతాయి. బంపర్ ముక్క కూడా చీరుకుని పోవచ్చు."

"అతుకు విరక్కపోతే?"

"విరక్కపోతే ఊడనే ఊడదు కదా."

"నట్లు వదులైతే?"

"అప్పుడు టైరొక్కటే పోతుంది. బ్రాకెట్టు, దాని మూడు బోల్టులూ బంపర్ మీదే ఉండిపోతాయి."

"అంటే వెనక్కెళ్ళి చూస్తే తెలిసిపోతుంది."

"చూస్తే తెలుస్తుంది. దేన్ని చూస్తే?"

"ఊరికే అన్నాను. మాట వరసకి."

"సార్, ఆ పట్టా ఎందుకు కట్టారు?"

"దుమ్ము పడుతుందని."

"దుమ్ము వెనకొక్కటే పడుతుందా? రంగు కొత్తగా వేశారు."

"వేశాం. ఇంటికి రంగు వెయ్యమా?"

"తెల్లగా ఉండేది."

"నీకెలా తెలుసు?"

"ఈ తలుపు కింద మెట్టు నేను అతికించిందే. చూడండి, చివర మూడు చుక్కలు పెడతాను. ఎందుకో అలవాటు. మీరు రంగు దాని మీద కూడా దట్టంగా పూశారు కానీ, చుక్కలు దాక్కోలేదు. మెట్టూ నాదే, వెనక బ్రాకెట్టూ నాదే. అవునా?"

"అవును."

"పదకొండు బండ్లు సార్. పదకొండు బండ్లకి బంపర్ మీద స్టెప్నీ పెట్టాను. అందరికీ ఫోన్ చేశాను. తొమ్మిదింటిని వెనక్కి రప్పించి కోసి పారేశాను. ఒకాయన బండి అమ్మేశాడు, కొన్నవాణ్ణి కూడా వెతికి పట్టుకున్నా. ఫోన్ ఎత్తనిది మీరొక్కరే. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు."

"చూశాను నీ నంబరు."

"చూసి?"

"చూస్తూ కూర్చునేవాణ్ణి. మోగి మోగి ఆగేదాకా."

"మీరు కూడా చదివారా, పేపర్లో?"

"ఏడో పేజీ. కింద. ఐదు లైన్లు."

"దర్జీ."

"ఆ. దర్జీ. సైకిల్ మీద వెళ్తున్నాడట. గుర్తు తెలియని వాహనం నుంచి ఊడిన టైరు తగిలి పోయాడట. ఆ 'గుర్తు తెలియని' అన్న మాట దగ్గర ఎంతసేపు ఆగిపోయానో."

"ఆ దారిలో వెళ్ళారా మీరు ఆ రోజు?"

"ఆ దారిలోనే."

"టైరు లేదని ఎప్పుడు తెలిసింది?"

"దిగాక. చీకటి పడింది, వాన. టైరుండాల్సిన చోట నల్లగా ఉండాలి కదా, ఖాళీగా కనిపించింది. ఎవడో ఎత్తుకుపోయాడురా అనుకున్నాను. నవ్వాను కూడా. పొద్దున్న చూద్దాంలే అని పట్టా కప్పేశాను. పొద్దున్న పేపరొచ్చింది. ఇక విప్పలేదు."

"రెండు నెలలు?"

"రెండు నెలలు."

"ఒక్కసారి కూడా?"

"చూస్తే తెలిసిపోతుంది కదా మేస్త్రీ. తెలియనంతకాలం సగం సగంగా బతకొచ్చు. ఒక పూట నీ తప్పు, ఒక పూట మా తప్పు. అన్నం ముందు కూర్చున్నప్పుడు నీ తప్పు అనుకుంటే నాలుగు ముద్దలు దిగేవి."

"నాకు దిగేవి కావు. నా దగ్గర రెండో పూట లేదు. నాకు ఎప్పుడూ నా తప్పే. మంట వెలిగిస్తే చెయ్యి వణికేది. అతుకు తిన్నగా పడేది కాదు. ఇప్పుడు గేట్లకి రంగులేస్తున్నా, బోల్టులు బిగిస్తున్నా, వెల్డింగ్ ముట్టుకోవడం లేదు. బోర్డు మాత్రం తియ్యలేదు. తీస్తే ఎందుకు తీశావంటారు."

"విప్పి చూడు."

"మీరు విప్పండి."

"నా వల్ల కాదు. అందుకే వచ్చాను. స్టెప్నీ సంగతి సాకు."

"నా వల్ల మాత్రం అవుతుందా?"

"నువ్వు పనివాడివి. ఇనప ముక్కని చూడ్డం నీ పని."

"ఇనుమే అయితే చూసేవాణ్ణి. సరే. ఆ చాకు ఇటివ్వండి. ముడులన్నీ బిగుసుకుపోయాయి."

"ఇదుగో."

"మీరటు తిరిగారేం?"

"నువ్వు చూసి చెప్పు చాలు."

"..."

"మేస్త్రీ, ఏదో ఒకటి అను."

"ఉంది."

"ఏముంది?"

"బ్రాకెట్టుంది. బంపరుంది. మూడు బోల్టులూ ఉన్నాయి. అతుకు... ఉండండి, రంగు గీకుతా. చీలిక లేదు. గోరు పెట్టి లాగినా లేదు. ఊగినా కదలడం లేదు. చూడండి, నా బరువంతా వేసి ఊగుతున్నా."

"నట్లు?"

"లేవు."

"వదులై పడిపోయాయా?"

"వదులై పోతే పోయే ముందు టైరు ఊగులాడుతుంది. ఊగినకొద్దీ బోల్టు మర అరుగుతుంది. ఇక్కడ మర కొత్తదానిలా ఉంది. చివర కొంచెం వంగిందంతే, టైరు ఎగిరినప్పుడు."

"అంటే?"

"అంటే నట్లు అసలు ఎక్కించనే లేదు సార్. టైరుని బోల్టులకి తగిలించి వదిలేశారు. నున్నటి రోడ్డు కాబట్టి కొంత దూరం వచ్చింది. సార్, నేను కాస్త కూర్చుంటాను."

"కూర్చో."

"నేను కాదు. నేను కాదు సార్. నా చెయ్యి కాదు."

"నవ్వుతున్నావా?"

"నవ్వు కాదిది. ఏమిటో నాకూ తెలీదు. మా ఆవిడకి ఫోన్ చెయ్యాలి. ఒక్క నిమిషం."

"ఆగు. చెయ్యకు. నేను చెప్పేది విను ముందు."

"ఏం వినాలి? బిగించింది మీరు కాదా?"

"ఆ రోజు దారిలో పంక్చరైంది. స్టెప్నీ వేసుకుని కొంత దూరం పోయి, పాతదానికి అతుకేయించి మళ్ళీ మార్చాం. స్టెప్నీ వెనకకెత్తేటప్పుడు నా నడుం పట్టేసింది. నేను తగిలించాను. ఆవిడ అంది, మీరెళ్ళి కూర్చోండి, నట్లు నేను పెడతానని."

"మీ ఆవిడ?"

"మా ఆవిడే. నేనెళ్ళి కూర్చున్నాను. అంతకు ముందే ఏదో మాటా మాటా అనుకున్నాం. దేని గురించో గుర్తు కూడా లేదు. నడుం నొప్పి, ఆలస్యం. హారన్ కొట్టాను."

"హారన్?"

"మూడుసార్లు. మూడోసారి చెయ్యి తియ్యలేదు. వచ్చి కూర్చుంది. అయిందా అన్నాను. ఆ అంది. పోనిచ్చాను. ఇప్పుడు అనిపిస్తుంది, నేనడిగింది నట్ల గురించి కాదు. నీ ఆలస్యం అయిందా అని అడిగాను. ఆ గొంతుకి ఎవరైనా ఆ అనే అంటారు."

"ఆవిడకి ఏం తెలుసు?"

"పేపరు చూసింది. బిగించానో లేదో గుర్తు లేదంటుంది. పెట్టినట్టే ఉంది, పెట్టనట్టే ఉంది అంటుంది. పానా చేతిలో ఉండటం గుర్తుందట. ఆ తర్వాత హారన్. అక్కణ్ణుంచి ఖాళీ. రోజంతా అదే. కూర్చున్నచోట చెయ్యి తిప్పుతూ ఉంటుంది, పానా తిప్పినట్టు."

"డాక్టరుకి చూపించారా?"

"ఏమని చెప్పి చూపించను? మేస్త్రీ, ఆ దర్జీ కొట్టు షట్టరు మీద ఫోన్ నంబరుంది. అది రాసుకొచ్చింది. ఫోన్ చేస్తుంది. వాళ్ళావిడ ఎత్తి హలో అంటుంది. ఈవిడ మాట్లాడదు. అవతలావిడ పెట్టెయ్యదు. ఇద్దరూ అలా పట్టుకుని ఉంటారు. బట్టలు తీసుకోవాలా అమ్మా, కొలతల చీటీ ఉందా, అని అడుగుతుంది ఆవిడ. నేను పక్కనుంచి విన్నాను."

"దేవుడా."

"బాత్రూం గడియ ఊడబీకాను. మేడ మెట్లకి తాళం వేశాను. తాళం చెవి నా మెడలో ఉంది, చూడు. ఆవిడ పడుకుంటే ఊపిరి వింటూ కూర్చుంటాను. మొన్న తలుపు దగ్గర నిలబడి ఒకటే మాట అంది. నేనే చేశానని తేలితే చెప్పండి, ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలుసు అంది. ఏడవలేదు. మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు అంది."

"ఇప్పుడెక్కడున్నారు ఆవిడ?"

"ఎదురుగా టీ కొట్టు దగ్గర. అడిగి చెబుతానని కూర్చోబెట్టి వచ్చాను. కాసేపట్లో వస్తుంది."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"విరిగిందని చెప్పు."

"ఏంటి?"

"నీ అతుకే విరిగిందని చెప్పు. ఒక్క మాట. ఈ బ్రాకెట్ని ఇప్పుడే కోసి పారెయ్. ఆవిడ వచ్చేసరికి ఇక్కడ ఏమీ ఉండకూడదు."

"మీరు మనిషేనా సార్?"

"తిట్టు."

"రెండు నెలలు మోశాను. ఇప్పుడే, ఇదుగో, ఇంకా పది నిమిషాలు కాలేదు, దించాను. మళ్ళీ ఎత్తుకోమంటారా? అదీ తెలిసి తెలిసి?"

"తెలిసి మోస్తే బరువు తక్కువ. నీకు లోపల తెలుసు కదా నువ్వు కాదని. ఆవిడకి లోపల కూడా చోటు లేదు."

"మీ మాటలు బాగానే ఉన్నాయి. మొయ్యండి మరి మీరు. హారన్ కొట్టానన్నారుగా, నా వల్లే అయిందని చెప్పుకోండి."

"చెప్పాను. వెయ్యిసార్లు చెప్పాను. నేను చెబితే ప్రేమ కొద్దీ చెబుతున్నాననుకుంటుంది. నువ్వు పరాయివాడివి. నీ మాట నమ్ముతుంది. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

"లేవండి. లేవండి సార్, ఎవరైనా చూస్తారు. పెద్దవాళ్ళు మీరు."

"మాటివ్వు."

"ఆ దర్జీ వాళ్ళ సంగతి?"

"వాళ్ళకేం చెయ్యాలో అది నేను చేస్తాను. స్టేషన్‌కి నేను పోతాను. బిగించింది నేనేనని నా పేరే రాయించుకుంటా. ముందు ఈ మనిషి బతకనీ. ఒక్కదాన్ని బతికించుకోనీ."

"ఒక్క ఆవిడ దగ్గరే చెబుతా. ఇంకెవరి దగ్గరా కాదు. మా ఆవిడకి నిజమే చెబుతా."

"చెప్పుకో."

"పక్కకి జరగండి. కోత మిషను ఎక్కడ పెట్టానో... చెయ్యి చూడండి, వణుకు ఆగింది. విచిత్రం. ఇప్పుడే ఆగింది. అబద్ధానికి తిన్నగా పని చేస్తోంది."

"త్వరగా."

"ఒక పక్క తెగింది. రెండోది... పట్టుకోండి, కాలుతుంది, గుడ్డతో. అటు ఇనప సామాన్ల గుట్టలో పడెయ్యండి. అడుక్కి."

"వస్తోంది. మేస్త్రీ, అదుగో, రోడ్డు దాటుతోంది. కళ్ళలోకి చూసి చెప్పు. తల దించకు."

"మీరు ముందు మొహం తుడుచుకోండి."

"ఏమండీ, ఎంతసేపు? టీ కూడా చల్లారిపోయింది."

"అయిపోయింది, అయిపోయింది. మేస్త్రీ చూశాడు. స్టెప్నీ ముందు పెడితే మంచిదంటున్నాడు, కొక్కెం దగ్గర. బరువు ముందుంటేనే..."

"పట్టా విప్పారా?"

"విప్పాం."

"ఏముంది?"

"నువ్వే అడుగు. ఇతనే చూశాడు. చెప్పు మేస్త్రీ."

"నమస్కారం అమ్మా. వెల్డింగ్ చేసింది నేనే. బంపర్ మీద పెట్టకూడదు, పెట్టాను. నా అతుకే విరిగింది. బ్రాకెట్టుతో సహా పోయింది. చూడండి, ఏమీ లేదు."

"ఆ చోట ఇంకా వేడిగా ఉందే అన్నా."

"చివర్లు మొనదేలి ఉంటే ఇప్పుడే కోశాను. ఎవరికైనా గీసుకుంటుందని."

"అంటే నట్లు నేను బిగించానా?"

"బిగించే ఉంటారమ్మా. మీరు ఎంత బిగించినా నా అతుకు ఆగలేదు. మీది ఏం లేదు ఇందులో."

"విన్నావా? నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాను. ఇక ఇంటికి పోదాం పద. ఈ రోజైనా నాలుగు ముద్దలు తిను."

"ఉండండి. అన్నా, ఒక మాట. టీ కొట్టాయన చెప్పాడు, మీరు వెల్డింగ్ మానేశారని. రెండు నెలలైందట. అందరికీ ఫోన్లు చేసి బండ్లు పిలిపించుకున్నారట. ఒక్క బండి మాత్రం రాలేదని రోజూ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంటారట. మంచం మీద మీ ఆవిడ పక్కన పడుకోకుండా షెడ్డులోనే పడుకుంటారట. నిజమేనా?"

"వాడికి వాగడం ఎక్కువమ్మా."

"నిజమేనా అన్నా?"

"నిజమే."

"నాకు తెలీదు. నలుగుతున్నది మా ఆయన ఒక్కడే అనుకున్నాను. ఇంకొక మనిషి ఉన్నాడని, ఇక్కడ కూర్చుని ఇలా అవుతున్నాడని నాకు నిజంగా తెలీదు."

"ఇప్పుడవన్నీ ఎందుకే? తప్పు తనదని అతనే ఒప్పుకున్నాడు కదా. పద."

"మీరు ఆగండి. అన్నా, నా వైపు చూడండి. మీ అతుకే విరిగిందా?"

"నాదేనమ్మా."

"ఇంకోసారి చెప్పండి."

"నాదే. ఎన్నిసార్లు చెప్పమంటారు? మీరు ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోండి. నాకు అలవాటైపోయింది."

"అలవాటు చేసుకోవద్దు అన్నా. చెయ్యి ఇలా పట్టండి. ఇవిగో నట్లు, మూడూ ఉన్నాయి. ఆ రోజు సాయంత్రమే నా స్వెట్టరు జేబులో దొరికాయి."